సౌండ్ తీసేసినా వినిపించే వైజాగ్

అందరికీ నమస్తే అండి. ఇండియా వెళ్తున్నారు కదా, చీరల షాపింగ్ వ్లాగ్ పెట్టండి అని చాలామంది అడిగారు. అది వస్తుంది, కంగారు పడకండి. ఈరోజు మాత్రం మా వైజాగ్ వాళ్ళ చేతులు, తలకాయలు, కనుబొమలు చూపిస్తాను. నవ్వకండి, నిజంగానే.

ముందు ఈ క్లిప్ చూడండి. మద్దిలపాలెంలో తీశాను, కావాలనే సౌండ్ తీసేశాను. షేర్ ఆటో స్లో అయింది. డ్రైవర్ గడ్డం కాస్త పైకెత్తాడు, ఎక్కడికి అని. రోడ్డు పక్కన సంచితో నిలబడ్డ ఆంటీ చేతిని ముందుకు విదిలించింది, తిన్నగానే అని. ఆయన మణికట్టు గిర్రున తిప్పాడు, ఎంతమంది అని. ఆవిడ ఒక వేలు చూపించింది. ఆయన అద్దంలోంచి వెనక సీటు వైపు ఓ చూపు చూశాడు, అక్కడున్న ముగ్గురూ తలో అంగుళం జరిగారు. ఆంటీ ఎక్కేసింది, ఆటో వెళ్ళిపోయింది. ఒక్కరు కూడా నోరు విప్పలేదు. మేముండే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఇదే పనికి నేను రెండు వాక్యాలు మాట్లాడాలి, చివర్లో థాంక్స్ కూడా చెప్పాలి.

ఆ గడ్డం ఎత్తడం దగ్గర కాస్త ఆగుదాం. మనకి అది ప్రశ్న. గ్రీస్‌లో, టర్కీలో దాదాపు అదే కదలిక, అంటే తల వెనక్కి, కనుబొమలు పైకి, కొన్నిసార్లు నాలుకతో ‘చ్’ అని చిన్న చప్పుడు, ఇవన్నీ కలిపి ‘లేదు, కుదరదు’ అని. ఈ ఆంటీ ఏథెన్స్‌లో పుట్టి ఉంటే సీట్లు లేవు కాబోలనుకుని ఇంకో ఆటో చూసుకునేది.

బల్గేరియా వాళ్ళది ఇంకో గొడవ. అక్కడ తల అడ్డంగా ఊపితే అవును, పైకీ కిందకీ ఆడిస్తే కాదు. మా ఆఫీసు టీమ్‌లో అక్కడివాడు ఒకతను ఉన్నాడు. అతను తలకాయ ఊపినప్పుడల్లా మాకు టెన్షన్: తన ఊరి లెక్కలో ఊపాడా, మా కోసమని తిరగేసి ఊపాడా? ఇప్పుడు ముఖ్యమైన విషయాలకి మెడ బిగించుకుని నోటితోనే చెబుతాడు పాపం.

మరి మన తల సంగతి? యూట్యూబ్‌లో ఇండియన్ హెడ్ వాబుల్ అని కొట్టండి, బోలెడు కామెడీ వీడియోలు. వాళ్ళందరూ అది ఒక్కటే అనుకుంటున్నారు. మా అమ్మ ఒక్కతే నాలుగు రకాలుగా ఊపుతుంది. భుజం వైపు ఒక్కసారి చటుక్కున వంచితే ‘సరే, రా’ అని. అటూ ఇటూ వేగంగా ఆడిస్తే ‘అలాగే, అయిపోతుంది’. కళ్ళు మూసి నెమ్మదిగా ఊపితే ఎవరో బాగా పాడుతున్నారన్నమాట. మూతి విరిచి ఓ పక్కకి వంచితే ‘ఏమో, ఏదో అలా ఉందిలే’ అని. ఇంట్లో ఎవరూ దీనికి డిక్షనరీ చూసుకోరు.

ఆఫీసులో మాత్రం అది సమస్యే. మాకు రుషికొండలో ఒక టీమ్ ఉంది. వీడియో కాల్‌లో మా జర్మన్ మేనేజర్ ‘శుక్రవారానికి అవుతుందా?’ అని అడిగితే, ఇక్కడ నలుగురూ తల ఊపుతారు. ఆయన నన్ను పక్కకి పిలిచి ‘ఇంతకీ అది అవునా, కాదా?’ అంటాడు. అర్థం చేసుకోలేకపోవడం ఆయన తప్పు కాదు. మన తలకాయ ఊపులో ఒకటుంది, అది అవునూ కాదు, కాదూ కాదు. పెద్దాయన మొహం మీద ‘అవ్వదు సార్’ అనలేక చేసే ఊపు. దాన్ని వెళ్ళి వాళ్ళకి నేర్పక్కర్లేదు, దాన్నే మనం మానుకోవాలని నా అభిప్రాయం. మిగతా ఊపులన్నీ హాయిగా ఊపుకోండి, ఎవరడ్డు?

ఇంటర్నెట్‌లో ‘ఈ దేశంలో ఈ సైగ చెయ్యకండి’ అని లిస్టులు ఉంటాయి కదా, అవి తొందరగా చెప్పేస్తాను. బొటనవేలు పైకెత్తడం ఇరాన్‌లో పాత తరం వాళ్ళకి బూతు. వేళ్ళతో సున్నా చుట్టి మనం ‘సూపర్’ అంటాం, జపాన్‌లో అది డబ్బులు, బ్రెజిల్‌లో మాత్రం చాలా అసభ్యం. గ్రీస్‌లో అయిదు వేళ్ళూ విప్పి ఎదుటివాడి మొహం మీదకి అరచెయ్యి చూపిస్తే తిట్టు. మన గుళ్ళో దేవుడు అదే అరచేత్తో అభయమిస్తాడు! 1992లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, కొడుకు కాదండి, పెద్దాయన, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో కారులోంచి రెండు వేళ్ళు చూపించాడు, విజయం అన్నట్టుగా. కాకపోతే అరచెయ్యి తనవైపు తిప్పుకుని. అక్కడ అలా చూపిస్తే పచ్చి తిట్టు. పేపర్లన్నీ ఆడుకున్నాయి. ఇవి సరదాగానే ఉంటాయి కానీ, ఇలాంటివి ఒకసారి చదివితే గుర్తుండిపోతాయి. మనం రోజూ ఆలోచించకుండా చేసేవే అసలు కష్టం.

ఇది చూడండి, మా అమ్మకి తెలియకుండా తీశాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి పిన్నితో మాట్లాడుతోంది. రెండో చెయ్యి చూడండి. పిన్ని కాకినాడలో ఉంది, ఆవిడకి ఈ చెయ్యి కనిపించదు. అయినా ‘ఇంతెత్తు పెరిగాడే’ అంటూ మావాడి, అదే మా అబ్బాయి, ఎత్తు గాల్లో కొలిచి చూపిస్తోంది. పుట్టుకతో చూపు లేనివాళ్ళు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారని, ఎదుటి మనిషికి చూపు లేదని తెలిసినా కదుపుతారని 1998లో ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు రాశారు. అమ్మకి ఇది చెబితే ‘చెయ్యి కట్టేసుకుని మాట్లాడమంటావేటే?’ అంది.

ఇప్పుడు ఎంవీపీ కాలనీ రైతుబజార్. పొద్దున్నే వచ్చాం, ఇంకా జనం లేరు. మావాడిది ఎడంచేతివాటం. కూరగాయలావిడకి యాభై నోటు ఎడమ చేత్తోనే చాపాడు. ఆవిడ తీసుకోలేదు, అలాగని కోప్పడనూ లేదు. తక్కెడ కింద పెట్టి, ‘బోణీ నాయనా, ఆ చేత్తో కాదు, ఈ చేత్తో ఇయ్యి’ అని వాడి కుడిచెయ్యి తనే పట్టుకుని, నోటు అందులో పెట్టించి, అప్పుడు తీసుకుంది. తీసుకుని కళ్ళకద్దుకుంది, తక్కెడకి ఆనించింది, ఆ తర్వాత సంచిలో వేసింది. మావాడు నోరు తెరుచుకుని చూశాడు. జర్మనీలో సూపర్‌మార్కెట్‌ కౌంటర్ దగ్గర ఏ చేత్తో ఇచ్చావని ఎవరూ చూడరు. అలాగని వాళ్ళు ఎప్పుడూ ఇలాగే ఉన్నారనుకోకండి, కొన్ని దశాబ్దాల కిందటి వరకు అక్కడి స్కూళ్ళలో కూడా ఎడంచేతివాటం పిల్లల చేత బలవంతంగా కుడిచేత్తో రాయించేవారు. మా అమ్మేమో రాతకి కూడా కుడిచెయ్యే అలవాటు చెయ్యమంటుంది. నేను ఒప్పుకోను. బోణీకి కుడిచెయ్యి, హోంవర్క్‌కి వాడిష్టం. ఇంట్లో ఈ గొడవ ఇంకా తేలలేదు.

వేళ్ళ సంగతీ అంతే. బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర మావాడు బొటనవేలు, చూపుడువేలు చాపి చూపించాడు. జర్మన్లు లెక్క బొటనవేలితో మొదలుపెడతారు, కాబట్టి అది రెండు. బండతను నిప్పులు విసురుతూ ‘ఏటి బాబూ, తుపాకీయా?’ అన్నాడు. మా అమ్మ లెక్క అసలు వేళ్ళతోనే కాదు, కణుపులతో. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ మీద నడుస్తుంది, వేలికి మూడు చొప్పున ఒక చేత్తో పన్నెండు. చూసేవాళ్ళకి అంకె కనిపించనే కనిపించదు, అది ఆవిడ సొంత లెక్క.

మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. మీకు తెలిసే ఉంటుంది, మన స్టీల్‌ప్లాంట్‌కి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, రష్యన్ ఇంజినీర్లు ఇక్కడికొచ్చి పనిచేశారు. నాన్నకి వాళ్ళ గురించి బాగా గుర్తున్నది స్టీలు కాదు. ఓ రష్యన్ ఇంజినీరు ఇంటికి వెళ్ళి గుమ్మం బయటినుంచి షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాపితే, ఆయన చెయ్యివ్వకుండా ముందు లోపలికి లాక్కున్నాడట. గడపకి అటూ ఇటూ నిలబడి చేతులు కలపడం రష్యన్లకి అపశకునం. మా నాయనమ్మ కూడా గడపకి అటూ ఇటూ నిలబడి డబ్బులివ్వనిచ్చేది కాదు. ఆ రష్యన్ ఆయన ఇంకే విషయంలోనూ నాన్నకి అర్థం కాలేదు గానీ, ఆ ఒక్క విషయంలో చుట్టాల్లా కలిసిపోయారట.

ఇక కళ్ళు. నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఇదే. జర్మనీలో గ్లాసులు తాకించి ‘ప్రోస్ట్’ అనేటప్పుడు కూడా కళ్ళలోకి చూడాలి, చూడకపోతే మర్యాద కాదు. స్కూల్లో టీచర్ మాట్లాడుతుంటే పిల్లాడు కిందకి చూస్తే ఏదో దాస్తున్నాడనుకుంటారు. ఇక్కడ తాతగారు మందలిస్తుంటే మావాడు అలాగే రెప్ప వెయ్యకుండా ఆయన కళ్ళలోకి చూశాడు. వాడి ఉద్దేశం శ్రద్ధగా వింటున్నానని. ఆయనకి మాత్రం ‘ఎంత ధైర్యంరా నీకు’ అనిపించింది. వాడికి నేనేం చెప్పాలి? విమానం దిగగానే కళ్ళు దించుకోమనా? తాతగారితోనే చెప్పాను, అక్కడ ఇదే మర్యాద నాన్నా అని. ఆయన నమ్మలేదు. కానీ మర్నాడు మావాడు అలా చూస్తే ఆయనే చూపు తిప్పుకున్నారు.

ఆఖరి క్లిప్. తమ్ముడు కారు నడుపుతున్నాడు, ఎన్ఏడీ జంక్షన్. ఓ బైకతను సిగ్నల్ ఇవ్వకుండా అడ్డం వచ్చాడు. తమ్ముడు చూపుడువేలు కణత దగ్గర పెట్టి తిప్పాడు, బుర్ర ఉందా అని. బైకతను వెనక్కి తిరిగి తనూ అదే చేశాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు, లెక్క సరి. జర్మనీలో కారులోంచి నుదుటి మీద వేలితో కొట్టి చూపిస్తే అవమానం కింద కేసు పెట్టొచ్చు, వాళ్ళ శిక్షాస్మృతి 185వ సెక్షన్. జరిమానా కూడా మనిషి సంపాదనని బట్టి వేస్తారు. వెనక సీట్లోంచి మావాడు చాలా సీరియస్‌గా, ‘మామయ్యా, నీకు ఫైన్ ఎంత పడుతుంది?’ అని అడిగాడు.

‘ఇక్కడ ఆ ఫైన్ రాసే కానిస్టేబుల్ కూడా ముందు నాకు ఇదే చూపిస్తాడురా’ అన్నాడు తమ్ముడు, గేరు మారుస్తూ.