మెషిన్ ఆపే తేదీ ఎవరిది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు వందనాలు ముందే అయిపోయాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఆహ్వానపత్రికలో నా అంశం ‘ఉత్పత్తి ప్రణాళిక, యంత్ర నిర్వహణల సమన్వయం’ అని వేశారు. షాప్‌ఫ్లోర్ మీద అది ఒక్కటే ప్రశ్న: మెషిన్ ఆపే తేదీ ఎవరు రాయాలి?

మెయింటెనెన్స్ క్యాలెండర్ ఒక గోడకు, ప్లానింగ్ షెడ్యూలు ఇంకో గోడకు వేలాడినంతకాలం ఆ తేదీ ఎవరిదీ కాదు. బుధవారం హైడ్రాలిక్ ప్రెస్ ఆపుతామని ఫిట్టర్లు వస్తారు. “ఈ లాటు కానివ్వండి” అంటారు ప్రొడక్షన్ వాళ్ళు. ఆ లాటు వెనక ఇంకో లాటు. మెయింటెనెన్స్ వాళ్ళు దీన్ని మొండితనం అనుకుంటారు. కాదండీ, లెక్క చూడండి.

ప్రెస్ గంటకు 60 పీసులు కొడుతుంది, తర్వాతి లైనుకు గంటకు 50 కావాలి అనుకుందాం. మెయింటెనెన్స్ పనికి 4 గంటలు, ట్రయల్‌కు 1 గంట. ఆ 5 గంటలూ లైను ఆగకూడదంటే 250 పీసులు ముందే నిల్వ ఉండాలి. గంటకు మిగిలేది 10 కాబట్టి 25 గంటల ముందు నుంచీ పేర్చాలి, అంటే మూడు షిఫ్టులకు పైనే. ఆపే రోజు పొద్దున వచ్చి చెబితే ప్లానర్ ఎలా ఒప్పుకుంటాడు? అందుకే ఆ ఆపుకూ ఉత్పత్తి ఆర్డరులాగే ఒక నంబరు, మొదలయ్యే గంట, ముగిసే గంట ఇచ్చి అదే షెడ్యూల్లో పెట్టండి. డై, అంటే పీసుకు ఆకారమిచ్చే అచ్చు, మార్చడానికి ప్రెస్ ఎలాగూ ఆగుతుంది, ఆ సమయానికి కలిపితే ఇంకా మంచిది.

ఇక్కడ స్టోర్స్ వాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. మీతోనే మాట్లాడాలి. సిలిండర్ విప్పేశాక సీల్ కిట్, అంటే ఆయిల్ కారకుండా వేసే రింగుల సెట్టు, సైజు తప్పని తెలుస్తుంది. ఎందుకు? కిట్ మాన్యువల్ చూసి తెప్పించారు, ఆ సిలిండర్‌ను ఎప్పుడో బోరింగ్ చేసి, అంటే లోపల కోసి వెడల్పు చేసి, ఓవర్‌సైజు పిస్టన్ వేశారు. ఆ మార్పు మెషిన్ కార్డులో ఎక్కలేదు. లేదా ఓ-రింగులను మేకుకు తగిలించారు, సాగి ఆకారం పోయాయి. లేదా నైట్రైల్ రబ్బరు సీల్ ఇచ్చారు, ట్యాంకులో ఉన్నది మామూలు ఆయిల్ కాదు, ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవం. అందులో నైట్రైల్ ఉబ్బిపోతుంది. ఫిట్టర్ చేతిలో రెంచి ఉంటుంది, వెయ్యడానికి సీల్ ఉండదు. 250 పీసులు కరిగిపోతూనే ఉంటాయి. దయచేసి ఈ ఒక్కటి చెయ్యండి: ఆపుకు 24 గంటల ముందే సీల్ కిట్, ఫిల్టర్ ఎలిమెంట్, అదే గ్రేడు ఆయిల్, నూగు రాలని గుడ్డ ఒక పెట్టెలో ప్రెస్ పక్కకు చేరాలి. కొలతలు చూసి ఫిట్టర్ సంతకం చెయ్యాలి. పెట్టె నిండకపోతే ఆపును అప్పుడే వాయిదా వెయ్యండి, విప్పాక కాదు.

ఆ 4 గంటల్లో రెంచి పట్టిన సమయం ఒక్కటే లెక్కేస్తున్నారు. పైకీ కిందికీ కదిలే రామ్‌ను సేఫ్టీ బ్లాకుల మీదికి దించడం, ఆయిల్‌ను ఒత్తిడితో నిల్వ ఉంచే అక్యుములేటర్ ప్రెషర్‌ను సున్నాకు వదలడం, మెయిన్ స్విచ్‌కు ఎవరి తాళం వాళ్ళు వెయ్యడం, ఇవీ పనిలో భాగమే. ట్రయల్‌లో తక్కువ ప్రెషర్ మీద స్ట్రోకులు వేసి గాలి తీయండి, లీకు చూడండి, ఆ తర్వాతే లోడు పెట్టండి.

ఇంకో మాట. తరచుగా విప్పితే మంచిదనుకోకండి. విమాన భాగాలపై యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలాన్, హీప్ 1978లో ఇచ్చిన నివేదికలో 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన తొలినాళ్ళలోనే ఎక్కువగా చెడే రకం. వయసుతో అరిగే రకాలు 11 శాతమే. ప్రెస్సూ విమానమూ ఒకటి కావు, సీళ్ళు అరుగుతాయి. కానీ బాగా నడుస్తున్న పంపును తేదీ వచ్చిందని విప్పే ముందు కంపనం, ఆయిల్ వేడి, ఫిల్టర్ ఇండికేటర్ చూడండి.

చివరగా, పని ముగిసిన రోజే అసలు పట్టిన గంటలు రాయండి. 4 అనుకున్నది 6 అయిందా, వచ్చేసారి షెడ్యూల్లో 6 పెట్టండి. ట్రయల్‌తో 7 గంటలు, నిల్వ 350 పీసులు, పేర్చడం 35 గంటల ముందు మొదలు.