బ్యాటరీ మార్చే ముందు డైనమో చూశారా? – పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ పాఠం

హోస్ట్: అన్నా, పొద్దున్నే బండి తీద్దామంటే సెల్ఫ్ టక్ టక్ అని ఆగిపోతుంది. జంపర్ వేస్తే స్టార్ట్ అవుతుంది, మర్నాడు మళ్లీ అదే కథ. ఎవరిని అడిగినా బ్యాటరీ పోయింది, మార్చెయ్ అంటారు.

ఎలక్ట్రీషియన్: మారుస్తారు. కొన్నాళ్లకి కొత్త బ్యాటరీ కూడా పడుకుంటుంది. బ్యాటరీ మేడ మీది ట్యాంకు లాంటిది తమ్ముడూ. దాన్ని నింపే మోటారు డైనమో. మోటారు కాలిపోతే ట్యాంకు మార్చి ఏం లాభం?

హోస్ట్: డైనమో అంటే ఆల్టర్నేటరే కదా?

ఎలక్ట్రీషియన్: అదే. పేరు మాత్రం పాత అలవాటు. నిజం డైనమో నేరుగా డీసీ, అంటే ఒకే దిక్కు కరెంటు, ఇచ్చేది. ఇప్పటి కార్లలో ఉన్నది ఏసీ, అంటే అటూ ఇటూ మారే కరెంటు పుట్టించి, లోపలే డయోడ్ ప్లేటుతో డీసీగా మారుస్తుంది. డయోడ్ కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. షెడ్డుల్లో లోపల తిరిగే రోటర్‌ని ఆర్మేచర్ అంటారు, వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్‌ని కటౌట్ అంటారు. సామాను కొనడానికి వెళ్లినప్పుడు రెండు పేర్లూ తెలిసుంటే మంచిది.

హోస్ట్: సరే, పాడవుతోందని ముందే ఎలా పసిగట్టాలి?

ఎలక్ట్రీషియన్: మీటర్ బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ ఉంటుంది కదా. కీ ఆన్ చేయగానే వెలగాలి, ఇంజిన్ అందుకోగానే ఆరాలి. జనం రెండోదే చూస్తారు. అసలు వెలగకపోయినా తప్పే. పాత రకం డైనమోల్లో ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటే ఆర్మేచర్‌ని మొదట అయస్కాంతం చేస్తుంది. బల్బు మాడిందంటే ఐడిల్లో ఛార్జింగ్ మొదలవదు, బాగా రేజ్ చేస్తేనే అందుకుంటుంది. ఇంజిన్ నడుస్తుండగా బొమ్మ సగం వెలుగుతో మిణుకుమంటుంటే డయోడ్ల మీద అనుమానపడు.

హోస్ట్: శబ్దాలు కూడా చెబుతాయంటారు?

ఎలక్ట్రీషియన్: చెబుతాయి. స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి కాసేపటికి సద్దుమణిగితే డైనమోని తిప్పే బెల్ట్ జారుతోంది. గుయ్‌మనే మోత రేజ్‌తో పాటు పెరుగుతుంటే బేరింగ్. మాడిన వాసన వస్తే వైండింగ్, అంటే లోపలి రాగి తీగ చుట్ల మీది వార్నిష్ కాలుతోంది, ఇక ఆలస్యం చేయకు.

హోస్ట్: మీటర్ పెట్టి చూడాలంటే?

ఎలక్ట్రీషియన్: మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు, 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12 దగ్గరికి దిగిందంటే దాదాపు ఖాళీ. ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చెయ్యి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. చాలామంది ఇక్కడ ఆపేసి బాగుందనుకుంటారు. లోడు పెట్టకుండా ఎవరి డైనమో అయినా బాగానే ఉంటుంది! హెడ్‌లైట్లు హై బీమ్, ఏసీ బ్లోవర్ ఫుల్, వెనక అద్దం డీఫాగర్ ఉంటే అదీ వేసి, 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకో. 13.5 వోల్టుల దగ్గరైనా నిలబడాలి. 12.5కి జారి ఇంకా దిగుతుంటే డైనమో ఇవ్వట్లేదు, సంసారం మొత్తం బ్యాటరీ మీదే గడుస్తోంది.

హోస్ట్: ఎక్కువ వస్తే?

ఎలక్ట్రీషియన్: 15 దాటితే కటౌట్ పోయినట్టే. బ్యాటరీ నీళ్లు ఉడికి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, బల్బులు తరచూ మాడతాయి. ఒక జాగ్రత్త: కొన్ని కొత్త కార్లలో బ్యాటరీ నిండాక కంప్యూటరే కావాలని వోల్టేజీ తగ్గిస్తుంది. లోడు వేసి మళ్లీ చూడకుండా తీర్పు చెప్పకు.

హోస్ట్: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అని పరీక్ష చేస్తారు కదా.

ఎలక్ట్రీషియన్: అది చేసేవాడిని బానెట్ దగ్గరికి రానివ్వద్దు! డైనమో లోడు మీద ఉండగా బ్యాటరీ తెగితే కరెంటుకి పోయే దారి ఉండదు, వోల్టేజీ ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎగదన్నుతుంది. డయోడ్లు, కటౌట్, ఒక్కోసారి ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్ కూడా పోతాయి. కార్బొరేటర్ బండ్ల కాలంలో చెల్లిందేమో, ఇప్పుడు చెల్లదు.

హోస్ట్: ఛార్జింగ్ తక్కువ చూపించింది. వెంటనే డైనమో విప్పేయాలా?

ఎలక్ట్రీషియన్: తొందరెందుకు? ముందు బెల్ట్, తర్వాత వైర్లు. లోడు మీదే ఉంచి, మీటర్ ఎర్ర వైరు డైనమో వెనక లావు బోల్టు మీద, నల్లది బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టు. 0.3 వోల్టులు దాటకూడదు. డైనమో బాడీకి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్య 0.2 లోపు. లావు బోల్టు దగ్గర అర వోల్టు పోతోందనుకో, 40 ఆంపులు వెళ్తుంటే ఆ నట్టు దగ్గరే 20 వాట్ల వేడి. వైరు చివరి లగ్గు (బోల్టుకి పట్టే బిళ్ల) నల్లబడి, రబ్బరు టోపీ కరిగి కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఎర్త్ వైరు తుప్పు మొదట చూడాలి. విప్పి, సాండ్ పేపర్‌తో తోమి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది.

హోస్ట్: డయోడ్ పోయిందని బయటి నుంచే తెలుసుకోవచ్చా?

ఎలక్ట్రీషియన్: మీటర్‌ని ఏసీ వోల్టులకి మార్చి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద పెట్టు. 0.1 లోపు మంచిది. 0.5 దాటితే డయోడ్ పోయినట్టు. ఇంకో గుర్తు ఉంది: పగలంతా ఛార్జ్ అయి రాత్రికి ఖాళీ. లీకైన డయోడ్ గుండా కరెంటు వెనక్కి పోతుంది. బండి తాళం వేసి పడుకున్నాక లాగేది 50 మిల్లీ ఆంపుల లోపే ఉండాలి.

హోస్ట్: సరే, విప్పక తప్పలేదు.

ఎలక్ట్రీషియన్: ముందు నెగటివ్ టెర్మినల్ తియ్యి, సాధారణంగా 10 నంబర్ పానా. ఇది మరిస్తే ప్రమాదమే. వెనక లావు వైరుకి కీ ఆఫ్‌లో కూడా బ్యాటరీ కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పులే. బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్లిందో ఫోన్‌లో ఫొటో తీసుకో. టెన్షనర్ వదులు చేసి, కనెక్టర్, లావు వైరు, బోల్టులు. కొన్ని పాత డీజిల్ బండ్లలో డైనమో వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది, దానికి ఆయిల్ పైపులు కూడా ఉంటాయి. దాని సీలు కారితే ఆయిల్, ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల మీదికి వస్తుంది. సీలు మార్చకుండా బ్రష్‌లు మార్చడం వృథా. బ్రేకుకి సాయపడే వాక్యూమ్ ఆ పంపుదే, అది బలహీనమైతే బ్రేకు పెడల్ కూడా గట్టిపడుతుంది.

హోస్ట్: లోపల ఎక్కువగా పోయేవి?

ఎలక్ట్రీషియన్: కార్బన్ బ్రష్‌లు. అరిగి అరిగి 5 మిల్లీమీటర్లకి వస్తే మార్చెయ్యాలి. డైనమోని చిన్నగా తడితే ఛార్జింగ్ వచ్చిపోతుంటే బ్రష్‌లే. అవి రాసుకునే స్లిప్ రింగులు నల్లబడితే 400 నంబర్ పేపర్‌తో సున్నితంగా తోము. గాడి పడితే లేత్ పని. ఆర్మేచర్ రెండు రింగుల మధ్య సుమారు 2 నుంచి 5 ఓమ్స్, రింగుకీ షాఫ్ట్‌కీ మధ్య అసలు కనెక్షన్ ఉండకూడదు. డయోడ్లు మీటర్‌లోని డయోడ్ మోడ్‌లో ఒకవైపు 0.4 నుంచి 0.7, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. రెండు వైపులా చూపిస్తే షార్ట్, ఏ వైపూ చూపకపోతే ఓపెన్. బేరింగులు విప్పాక పాతవి మళ్లీ వేయకు. నంబరు బేరింగ్ మీదే ఉంటుంది, అదే నంబరు, నాణ్యమైనది కొను.

హోస్ట్: బిగించేటప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుంది?

ఎలక్ట్రీషియన్: బ్రష్‌లు లోపలే ఉండే రకంలో, వాటిని లోపలికి నొక్కి వెనక చిల్లులోంచి సన్నటి పిన్ను పెట్టి ఆపాలి. ఆర్మేచర్ కూర్చున్నాక పిన్ను లాగెయ్యాలి. ఇది తెలియక నెట్టితే కొత్త బ్రష్‌లు పుటుక్కున విరుగుతాయి. డైనమోకి క్లచ్ పుల్లీ (ఒకవైపే పట్టే చక్రం) ఉంటే చేత్తో తిప్పి చూడు, ఒకవైపు పట్టాలి, ఇంకోవైపు వదలాలి. రెండు వైపులా వదిలితే ఛార్జింగ్ ఉండదు, రెండు వైపులా పట్టేస్తే బెల్ట్ వణుకుతుంది. పాత వీ బెల్ట్ అయితే మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటర్ దిగాలి. మరీ బిగిస్తే బేరింగ్ తింటుంది.

హోస్ట్: కొత్త డైనమోయే వేస్తే?

ఎలక్ట్రీషియన్: ఖాళీ బ్యాటరీ మీద వేయకు. ఎండాకాలం రామగుండం వేడిలో, ఐడిల్లో, ఖాళీ బ్యాటరీ నింపమంటే డయోడ్లు మాడతాయి. బ్యాటరీని ముందు బయట ఛార్జర్ మీద పెట్టు. 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీకి మూడున్నర ఆంపులు, పది పన్నెండు గంటలు.

హోస్ట్: చివరగా అన్నా, విజయవాడ హైవే మీద రాత్రి ఎర్ర బొమ్మ వెలిగితే?

ఎలక్ట్రీషియన్: ముందు టెంపరేచర్ చూడు. చాలా బండ్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టే తిప్పుతుంది. వేడి ఎక్కుతుంటే బెల్ట్ తెగింది, వెంటనే పక్కకి ఆపు. వేడి మామూలుగా ఉంటే ఏసీ, మ్యూజిక్, ఫోన్ ఛార్జింగ్ అన్నీ ఆపెయ్. హెడ్‌లైట్లు, ఇంజిన్, ఫ్యాన్ కలిపి 25 ఆంపులు లాగుతాయనుకుంటే, నిండు 35 ఏహెచ్ బ్యాటరీ కూడా గంట రావడం కష్టం. పాతదైతే అందులో సగం. ఎలక్ట్రిక్ స్టీరింగ్ బరువెక్కితే, లైట్లు ఎర్రబడితే ఇక నిమిషాలే. వెలుతురున్న బంకు దాకా వెళ్లేదాకా ఇంజిన్ ఆపకు. ఆపావంటే సెల్ఫ్ మళ్లీ తిరగదు.