విమానంలో దీపాలు ఆరిపోతే

అధ్యక్షుల వారికీ, వేదిక మీది పెద్దలకూ, ఈ ఉక్కపోతలో ద్వారకానగర్ గ్రంథాలయం దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. హైజాక్‌ల మీద, బందీల విడుదల మీద వచ్చే టీవీ సీరియళ్ల గురించి మాట్లాడమన్నారు. వాటి చరిత్ర చెబుదామనే కాగితాలు తెచ్చుకున్నాను. 1976 జులై 4న ఉగాండాలోని ఎంటెబేలో, హైజాకైన విమానంలోని బందీలను ఇజ్రాయెల్ కమాండోలు విడిపించారు. ఆ డిసెంబరుకల్లా అమెరికా టీవీలో దాని మీద సినిమా వచ్చేసింది, నెల తిరక్కుండా రెండోది. అప్పట్నుంచీ ఒకటే వరస: తుపాకీ పట్టినవాడు, వాణ్ని పట్టేవాడు, ఎక్కడో గదిలో వాదించుకునే అధికారులు. కాగితాలు పక్కన పెడుతున్నాను. నా మనసులో ఉన్నది వేరే.

నేను విమానాల మెయింటెనెన్స్‌లో చేసి రిటైరైనవాణ్ని. నేల మీద పెద్ద ఇంజిన్లు ఆపేస్తే, తోకలో ఉండే చిన్న ఇంజిన్ కరెంటు ఇస్తుంది. ఏపీయూ అంటాం. లైట్లు, ఏసీ దాని మీదే నడుస్తాయి. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్‌యామ్ 73 అనే అమెరికా కంపెనీ విమానాన్ని హైజాకర్లు సెక్యూరిటీ గార్డుల వేషంలో వచ్చి పట్టుకున్నారు. సిబ్బంది హెచ్చరించగానే పైలట్లు కాక్‌పిట్ పైకప్పు దారిన దిగిపోయారు. విమానం ఇక ఎగరలేదు. అమెరికా పాస్‌పోర్టుల కోసం హైజాకర్లు వెతుకుతుంటే, ఎయిర్‌హోస్టెస్‌లు వాటిని సీట్ల కింద దాచేశారు. చేతిలో ఆయుధం లేని ఆడపిల్లలండీ! రాత్రికి ఏపీయూ ఆగిపోయింది. చీకటి. కమాండోలు వచ్చేశారనుకుని హైజాకర్లు కాల్పులు మొదలుపెట్టారు, గ్రెనేడ్లు విసిరారు. ఇరవై మందికి పైగా పోయారు. ప్రయాణికులను బయటికి పంపుతూ ఎయిర్‌హోస్టెస్ నీరజా భనోత్ ప్రాణం వదిలింది. రెండు రోజులు గడిస్తే ఇరవై మూడేళ్లు నిండేవి. అశోక చక్ర ఇచ్చారు. మిగతా సిబ్బందిలో ఒక్కరి పేరు చెప్పండి, ఈ హాల్లో ఎవరైనా.

చూశారా.

1999లో మన విమానాన్ని అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌కు ఎత్తుకుపోయిన హైజాక్ మీద 2024లో సిరీస్ వచ్చింది. హైజాకర్లు వాడుకున్న భోలా, శంకర్ లాంటి హిందూ మారుపేర్ల మీద దేశమంతా రచ్చ. చివరికి సిరీస్ మొదట్లో అసలు పేర్లు కూడా వేయించారు. వేయించాల్సిందే, కాదనను. మరి ఆ విమానంలోని ప్రయాణికుడు రూపిన్ కత్యాల్ గురించి ఎంతమంది మాట్లాడారు? కొత్తగా పెళ్లై, హనీమూన్ నుంచి తిరిగొస్తున్న పాతికేళ్ల కుర్రాడు. పొడిచి చంపారు. శవాన్ని దుబాయ్‌లో దించారు. భార్య అదే విమానంలో ఉంది, భర్త పోయాడని ఆమెకి తెలియదు.

ఆ హైజాక్ నడిచిన 1999 డిసెంబరు 24 నుంచి 31 దాకా, వారమంతా ఇక్కడ మన విశాఖ ఎయిర్‌పోర్టుకీ జనం వచ్చేవారు. ఒకావిడ కొడుకు క్యాబిన్ సిబ్బందిలో పనిచేస్తున్నాడు. "అమ్మా, మీవాడు ఆ ఫ్లైట్‌లో లేడు" అని డ్యూటీ చార్టు చూసి చెప్పాం. ఆవిడ కదల్లేదు. "ఉన్నవాళ్ల అమ్మలు ఎక్కడున్నారు బాబూ?" అంది. ఏ సీరియల్లోనూ నాకు ఆ తల్లి కనబడలేదు. పొంగిపోయిన మరుగుదొడ్ల పక్కన రోజుల తరబడి కూర్చున్న మనుషులు ఒక్క నిమిషం కనిపించి, సీను మళ్లీ ఢిల్లీకి పోతుంది.

అధ్యక్షుల వారు టైము చూస్తున్నారు, ముగిస్తాను. ఇక్కడ రాసే పిల్లలున్నారు. హైజాక్ కథ రాయాలనుకుంటే, ముందు క్యాబిన్‌లో పనిచేసి రిటైరైన వాళ్లను కలవండి. మన విశాఖలోనూ ఉన్నారు, నేను పరిచయం చేస్తాను. సభ అయ్యాక గుమ్మం దగ్గరే ఉంటాను, నంబరు తీసుకోండి.