నొప్పి ఎంతమ్మా అంటే రెండు అంది

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయం వారికి, ఇంత ఎండలో చిక్కడపల్లి దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. 'అనారోగ్యంలో పాజిటివ్ థింకింగ్ పాత్ర' అని కార్డులో వేశారు. పిలవగానే ఒప్పుకున్నాను, మా చెల్లెలి గురించి చెప్పాలని. అది పోయి ఆరేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఈ మాట నలుగురిలో చెప్పలేకపోయాను.

చిన్నప్పుడు సంధ్యవేళ నోరు జారి ఏదైనా అంటే మా నాయనమ్మ 'తథాస్తు దేవతలుంటారే, అశుభం పలక్కండి' అని కసిరేది. యద్భావం తద్భవతి అని మన ఇళ్లలో అనని రోజుండదు. కాబట్టి పాజిటివ్ థింకింగ్ మనకి ఎక్కడినుంచో దిగుమతి అయిందని నేననను. అది మన గడపలోనే ఉంది. పిల్లల పరీక్షలప్పుడు, ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఆ మాట మంచే చేస్తుంది. క్యాన్సర్ వచ్చిన మనిషి దగ్గర అదే మాట ఏం చేసిందో నేను కళ్లారా చూశాను.

2017 మొదట్లో పొట్ట ఉబ్బరంగా ఉందంది. గ్యాస్ అనుకున్నాం. అండాశయ క్యాన్సర్, అప్పటికే మూడో దశ. ఆపరేషన్ చేశారు, మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు ఇచ్చారు. కూకట్‌పల్లిలో వాళ్లింటికి చుట్టాలు కొబ్బరిబొండాలు, బత్తాయిలు పట్టుకుని వచ్చేవారు. లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అందరిదీ ఒకటే మాట, 'పాజిటివ్‌గా ఉండమ్మా, అంతా మన మనసులోనే ఉంది.' నేనూ అన్నాను. అందరికంటే ఎక్కువసార్లు నేనే అన్నాను.

ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారు. రోజూ 'నేను ఆరోగ్యంగా ఉన్నాను' అని 108 సార్లు రాస్తే శరీరంలోని కణాలు ఆ మాట వింటాయట. మా చెల్లి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తెప్పించుకుని రామకోటి రాసినట్టు రాసింది. ఆ పుస్తకం ఇదిగో, తెచ్చాను. ముందు పేజీల్లో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఇక్కడికొచ్చేసరికి చూడండి, గీత దాటి పోతున్నాయి. కీమోతో వేళ్లు తిమ్మిరెక్కి పెన్ను నిలిచేది కాదు. అయినా మానలేదు.

2018 ఆగస్టులో తిరగబెట్టింది. మూడో దశలో బయటపడిన ఈ క్యాన్సర్ లొంగినట్టే లొంగి చాలామందిలో మళ్లీ వస్తుంది. అది ఆ జబ్బు తీరు. కానీ స్కాన్ రిపోర్టు పట్టుకుని ఆటోలో వస్తుంటే, భరత్‌నగర్ బ్రిడ్జి మీద, నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'మధ్యలో నాలుగు రోజులు రాయలేదక్కా. అందుకేనేమో.'

జబ్బు ఒక బరువు. దాని మీద ఈ బరువు ఎవరు పెట్టారు? మేమే పెట్టాం. బాగైతే నీ ధైర్యమే అన్నాం, ఇక తిరగబెడితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఒక పెద్దావిడ ఇంటికొచ్చి మొహం మీదే అంది, 'లోపలెక్కడో భయం పెట్టుకుని ఉంటావు.' భయపడకుండా ఎవరుంటారండీ!

అమెరికాలో జేమ్స్ కోయిన్ అనే ఆయన బృందం తల, మెడ క్యాన్సర్లున్న వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు చూసి 2007లో ప్రచురించింది. మనసు ఉల్లాసంగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారా అని చూస్తే, మనసు స్థితికీ ఆయుష్షుకీ సంబంధం కనబడలేదు. అంతకుముందు, 2001లో, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 235 మంది ఆడవాళ్ల మీద కెనడాలో చేసిన అధ్యయనం వచ్చింది. వాళ్లలో కొందరిని వారం వారం కూర్చోబెట్టి, మనసులో ఉన్నది చెప్పుకోనిచ్చారు. ఆయుష్షు పెరగలేదు. కానీ దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. వాళ్లు అక్కడ చావు గురించీ, భయం గురించీ మాట్లాడుకున్నారు. నోరు మూసుకుని నవ్వుతూ కూర్చోలేదు.

టైమైందని చీటీ వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలివ్వండి, అసలు మాట ఇంకా చెప్పలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అడుగుతారు, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని. మా చెల్లి నవ్వుతూ 'రెండు' అనేది. పక్కన నిలబడి నేను విన్నాను. 31 ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఆ అంకె తప్పని నాకు తట్టలేదు. కార్తీక మాసంలో ఒక నర్సమ్మ అంకె అడగలేదు. 'రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకుంటున్నావమ్మా?' అంది.

'పడుకోను. గోడకి ఆనుకుని కూర్చుంటాను.'

'ఎన్నాళ్ల నుంచి?'

'వినాయక చవితి నుంచి.'

రెండు నెలలు! ఎనిమిది అంటే నెగెటివ్‌గా ఆలోచించినట్టు అవుతుందని రెండు అంది. నొప్పికి మందు లేక కాదు, నొప్పి అని చెప్పకపోవడం వల్ల కూర్చుని తెల్లవార్చింది. ఆ రోజు మార్ఫిన్ మాత్రలు రాశారు, నాలుగు గంటలకొకటి, దానితో వచ్చే మలబద్ధకానికి ఇంకో మందు. నాలుగో రోజు రాత్రి పక్క మీద వాలి నిద్రపోయింది. ముక్కు నుంచి సన్నగా గురక వచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని ఆ గురక వింటూ ఉండిపోయాను.

మార్ఫిన్ అంటే మత్తుమందు, అలవాటైపోతుందని మన భయం. డాక్టరు చూసి ఇచ్చే క్యాన్సర్ నొప్పి మందు అది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆసుపత్రులకే దొరకడం కష్టమైతే 2014లో సవరించారు. మన రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిదే. అక్కడ పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, అంటే నొప్పినీ బాధనీ చూసే డాక్టర్లున్నారు. అక్కడికి వెళ్లడమంటే ఆశ వదులుకోవడం అనుకోకండి. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందిలో సగంమందికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే ఈ సంరక్షణ ఇచ్చారు. ఆ ఫలితం 2010లో వచ్చింది. వాళ్లు మిగతావాళ్లకంటే హాయిగా ఉన్నారు, సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా.

నిద్రపట్టాక మా చెల్లి మాట్లాడింది. ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత చింతకాయ పచ్చడి కావాలంది. 'నేను ఆరోగ్యంగా ఉన్నాను' అని రాయడం ఆపేసి ఇదే పుస్తకాన్ని వెనకనుంచి తిప్పింది. చదువుతాను వినండి. 'లాకరు తాళం బియ్యం డబ్బా వెనక. బాబు ఫీజు జూన్ పదిలోపు. ఆయనకి బీపీ మాత్ర రాత్రి పూట, అడగకపోతే వేసుకోరు. పెద్దగాజులు అక్కకి.' సంక్రాంతి వెళ్లాక పోయింది. రాయాలనుకున్నవన్నీ రాసే పోయింది.

మీ ఇళ్లలో ఎవరైనా మంచాన ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్లి ధైర్యం చెప్పే ముందు రాత్రి నిద్రపట్టిందా అని అడగండి. అడిగాక వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకండి. సభ అయ్యాక నేను కింద మెట్ల దగ్గర కూర్చుంటాను. ఎవరికైనా మాట్లాడాలనుంటే రండి, చివరి మనిషి వెళ్లేదాకా ఉంటాను.