నేను పైన ఉప్పు వేసుకోను కదా!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వీడియో ఓ వారం లేటయింది. మిడ్‌టర్మ్స్ అండీ, ఏం చేయమంటారు! ఆ పరీక్షల పుణ్యమా అని ఈ రోజు టాపిక్ దొరికింది: ఉప్పు.

నవ్వకండి. వరసగా మూడు రాత్రులు నూడుల్స్, చిప్స్‌తోనే గడిపేశా. నాలుగో రోజు పొద్దున్నే కెమెరా ఆన్ చేస్తే నా మొహం నాకే ఉబ్బినట్టు కనిపించింది. నిద్ర లేక అనుకున్నా. మా రూమ్మేట్ మాత్రం చెత్తబుట్ట వైపు చూపించి, "ఆ ప్యాకెట్లన్నీ నువ్వేగా ఖాళీ చేసింది? ఒంట్లో ఉప్పు ఎక్కువైతే నీరు పట్టేస్తుందే" అంది. తను న్యూట్రిషన్ చదువుతోంది లెండి, ఇంట్లో ఏం తిన్నా వైవా తప్పదు.

ఇదిగో, ఆ ప్యాకెట్ ఇదే. ఆగండి, ఫోకస్ అవనివ్వండి... ఆ, ఇక్కడ. సోడియం 800 మిల్లీగ్రాములు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. దాని పైన ఇంకో లైను చూడండి: ఈ ప్యాకెట్‌లో రెండు సర్వింగులట! సగం ఉడికించుకుని సగం దాచుకునే మహానుభావులు ఎక్కడుంటారో నాకైతే తెలీదు. అంటే 1,600. పైగా అది సోడియం లెక్క. ఉప్పులో సోడియం 40 శాతమే కాబట్టి రెండున్నరతో గుణిస్తే 4 గ్రాముల ఉప్పు, ఒక్క గిన్నెలో. పెద్దవాళ్లు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే తినాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తూకం మీద పోసి చూపిస్తున్నా చూడండి, సుమారు ఒక టీస్పూను, అంతే.

మర్నాడు లైబ్రరీ బయట ఓ పది మందిని పట్టుకుని "ఉప్పు ఎక్కువ తింటారా?" అని అడిగా. దాదాపు అందరిదీ ఒకటే మాట: "లేదు, నేను పైన వేసుకోను." ఉప్పుకీ బీపీకీ సంబంధం ఉందని అందరికీ తెలుసు. రోజుకి ఎంత అంటే ఒక్కరూ చెప్పలేదు. ఒకబ్బాయైతే "బీపీ మా నాన్నకి, నాకెందుకు?" అన్నాడు. ఇంకో అమ్మాయి పింక్ సాల్ట్ వాడుతున్నానని ధీమాగా చెప్పింది. రంగు తప్ప అదీ సోడియం క్లోరైడే కదా తల్లీ!

నేనూ మొన్నటిదాకా అదే బ్యాచ్. మన చేత్తో వేసుకున్నదే ఉప్పు అనుకుంటాం. ప్యాకెట్ మన చేతికొచ్చేసరికే అది పడిపోయి ఉంటుంది. చిప్స్‌ది పైపైనే ఉంటుంది కాబట్టి నాలుకకి తగులుతుంది. బ్రెడ్‌ది పిండిలో కలిసిపోతుంది, ఉప్పగా కూడా అనిపించదు. హడావుడిలో రోజుకి రెండుసార్లు బ్రెడ్డే కదా మన తిండి!

అన్నట్టు, అమెరికా ప్యాకెట్ల మీద సోడియం అని, బ్రిటన్‌లో ఉప్పు అని వేస్తారు. రెండూ ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది. అమెరికా లేబుల్లో ఒక సర్వింగులోని సోడియం రోజు మొత్తం పరిమితిలో ఎంత శాతమో కూడా ఉంటుంది: 5 లేదా అంతకంటే తక్కువైతే తక్కువ, 20 లేదా ఆపైనైతే ఎక్కువ. షాపులో అంతకంటే లెక్కలు వేసే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు మసాలా సగమే వేస్తున్నా, సూప్ గిన్నెలోనే వదిలేస్తున్నా. మొదటి రెండు రోజులూ చప్పగా, ఏడుపొచ్చింది. నాలుక అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందట, నాకింకా పదో రోజే. మిగిలిన సగం మసాలాలన్నీ ఇదిగో, రబ్బరు బ్యాండ్లు వేసి ఈ డ్రాయర్లో... ఒక్క నిమిషం, నిన్న ఆరున్నాయే?

సరే, ఒప్పుకుంటా. రాత్రి ఒంటిగంటకి అసైన్‌మెంట్ టెన్షన్‌లో రెండు కలిపి వేసేశా. మా రూమ్మేట్ ఈ వీడియో చూడకపోతే బావుండు. బై అండీ!