మొదటి జీతం ఎప్పుడు?

అందరికీ నమస్కారం. విదేశీ పీహెచ్‌డీ విద్యార్థులను అమెరికా యూనివర్సిటీలకు ఎలా ఆకర్షించాలో మాట్లాడమన్నారు. ఆ బెంగ నాకు లేదండీ. 2023-24లో ఇక్కడున్న విదేశీ విద్యార్థులు 11 లక్షల పైచిలుకు, వాళ్ళలో మన భారతీయులే 3,31,602 మంది. రావడానికి వస్తారు. వచ్చాక ఎలా బతుకుతారన్నదే నా గొడవ.

నేను ఇదివరకు పనిచేసిన చోట ఒక కుర్రాడు చేరాడు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని ఇచ్చాం, ట్యూషన్ మాఫీ. ఆగస్టులో దిగాడు. ట్యూషన్ పోయింది గానీ 'ఫీజులు' అని వేరే బిల్లు వచ్చింది. ఇంటికి డిపాజిట్ కట్టాడు. ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు వస్తే గానీ జీతాల విభాగం వాళ్ళు ఫైలు కదపలేదు. మొదటి జీతం సెప్టెంబరు ఆఖర్న. ఆ మధ్యలో అతని బల్ల మీద సెమినార్ల పట్టిక చూసి, ఎంత శ్రద్ధో అని మురిసిపోయాం. టిక్కులు పెట్టుకున్నవన్నీ పిజ్జా పెట్టే సెమినార్లే!

బయట ఏదో పని చూసుకోవచ్చుగా అంటారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువు నడిచే రోజుల్లో మామూలుగా క్యాంపస్‌లోనే పని, అదీ వారానికి 20 గంటల దాకానే. అవి టీఏకే సరి. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కావాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. ఇక మిగిలింది ప్రొఫెసర్‌కి పరిశోధన కోసం వచ్చే గ్రాంటు. చాలా చోట్ల ట్యూషన్ కూడా దాని మీదే పడుతుంది. విదేశీ విద్యార్థికి బయటి రాష్ట్రం వాళ్ళకి వేసే ఎక్కువ రేటు ఏళ్ల తరబడి కట్టాలంటే, ఆ ప్రొఫెసర్ ఎవరిని తీసుకుంటాడో మీరే చెప్పండి. ఈ మాటకి మా డీన్‌గారికి కోపం వస్తుంది. రానివ్వండి.

వేసవి సంగతి మరీ ఘోరం. ఆఫర్ లెటర్‌లో అంకె ఘనంగా ఉంటుంది, అది తొమ్మిది నెలలకని ఎక్కడో కింద ఉంటుంది. ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకో అంటాం, సంతోషం. ఒకరు పన్నెండు నెలలకి, ఒకరు తొమ్మిది నెలలకి, ఒకరు ఫీజులు పోను రాస్తే ఆ పిల్లవాడు వేటిని పోల్చి చూసుకోవాలి? లెటర్‌లో వేసవి గురించి ఒక్క వాక్యమైనా రాసినవాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండి... ఇంతేనా?

ఎన్ని నెలల జీతం, చేతి నుంచి ఎంత కట్టాలి, మొదటి జీతం ఏ తేదీన. ఈ మూడూ లెటర్ మొదటి పేజీలో పెట్టండి. ఆగస్టులో దిగినవాళ్ళకి కొంత అడ్వాన్సు ఇవ్వండి. ముందు వరుసలో డిపార్ట్‌మెంట్ అధిపతులు ఇద్దరున్నారు. వచ్చే ఆగస్టుకి ఇస్తారో లేదో వాళ్ళనే చెప్పమందాం. మైకు అటు ఇవ్వండి.