అక్షరాల చాప రివ్యూ: బ్యాటరీలు తీసేశాకే బాగుంది!

నమస్కారం అండీ. వెనకాల ధబ్ ధబ్‌మని సౌండ్ వస్తోంది కదా, ఏమీ కంగారు పడకండి. మా వాడు ‘ఘ’ మీద దూకుతున్నాడు. ఇవాళ్టి వీడియో దాని గురించే.

ముందే చెప్పేస్తాను, ఈ చాప నేను కొనలేదు. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వీడియో వేరేలా ఉండేదేమో! సైజు, మెటీరియల్, ఎన్ని బ్యాటరీలు... ఇవన్నీ అమ్మే చోటే రాసి ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. నేల మీద పరుస్తాం, 56 గళ్లుంటాయి, గడికో అక్షరం. ఒక మూల చిన్న స్పీకర్ పెట్టె. పెట్టె ఒక అక్షరం పలుకుతుంది, పిల్లలు వెతుక్కుని దాని మీదకి దూకాలి. సరిగ్గా దూకితే చప్పట్లు, తప్పైతే ‘మళ్లీ ప్రయత్నించు’.

మొదటి రెండు రోజులు మా ఇంట్లో పండగే. మా వాడికి నాలుగేళ్లు. పలక ఇచ్చి కూర్చోబెడితే ఐదు నిమిషాల్లో బలపం నోట్లో ఉంటుంది. అలాంటిది చెమటలు కారేలా ఎగురుతూ అక్షరాలు వెతుకుతున్నాడు. నేనైతే అప్పుడే కెమెరా తీసి, సూపర్ అని చెప్పేసే మూడ్‌లో ఉన్నాను.

మూడో రోజు పెట్టె ‘న’ అంది. వాడు పరిగెత్తుకెళ్లి ‘న’ మీద దూకాడు. ‘మళ్లీ ప్రయత్నించు’ అంది. మళ్లీ అక్కడే దూకాడు. మళ్లీ అదే మాట. నాకూ అర్థం కాలేదు. నేనే వెళ్లి ‘న’ మీద నిలబడ్డాను, నన్నూ అదే అంది! చివరికి తేలిందేమిటంటే, అది అడిగింది ‘ణ’. ఉండండి, వినిపిస్తాను... ఇది ‘న’ గడి. ఇది ‘ణ’ గడి. తేడా ఏమైనా వినపడిందా? ‘ల’, ‘ళ’ కూడా అంతే. రికార్డింగ్ చేసిన వాళ్లకి నాలుక పైకి మడవడం బద్ధకమైనట్టుంది.

మా వాడు ఏం చేశాడో తెలుసా? ఒక కాలు ‘న’ మీద, ఇంకో కాలు ‘ణ’ మీద పెట్టి, కాళ్లు బార్లా చాపుకుని, ‘అమ్మా, రెండూ ఒకటేనా?’ అని అడిగాడు. కాదు నాన్నా, వీణలో ఉండేది ఇది, నక్కలో ఉండేది అది అని చెప్పాను. ‘మరి పెట్టె అలా అంటోందేంటి?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సరిగ్గా విని, సరిగ్గా దూకిన పిల్లాడిని తప్పు అనడం ఎంత అన్యాయమండీ! సౌండ్ ఎక్కువని, డిజైన్ బాగాలేదని నేను ఇంత కోపగించుకునేదాన్ని కాదు. అక్షరాలు నేర్పే వస్తువు అక్షరమే తప్పు పలికితే ఎలా?

ఇంకోటి. ఇది చిన్న విషయం అనుకుంటారేమో, నాకు మాత్రం పంటి కింద రాయిలా ఉంది. అచ్చులు 16, హల్లులు 37, సున్నా, అరసున్నా, విసర్గ కలిపి 56 అని మనం చదువుకున్నాం కదా. వీళ్లు ఏడెనిమిదులు యాభై ఆరు అని లెక్క కుదిరింది కదా అని, వరుసకి ఏడు గళ్లు పెట్టేశారు. దాంతో ‘క ఖ’ ఒక వరుస చివర ఆగిపోయాయి, కింద వరుసలో ‘గ ఘ ఙ’ పక్కనే ‘చ ఛ జ ఝ’ వచ్చి కూర్చున్నాయి. ‘ఞ’ ఇంకో వరుసకి పోయింది. అసలు మన హల్లుల అందమే ఆ ఐదేసి వరుసల్లో ఉంది. ‘క’ వరుస గొంతులో మొదలై, చ, ట, త అంటూ ముందుకొచ్చి, ‘ప’ వరుసకి పెదాల దగ్గర తేలుతుంది. ‘క’ని కొత్త వరుసలో మొదలుపెట్టి, వరుసకి ఐదు గళ్లే పెడితే, చివరి నిలువు వరుసలో దూకుతూ వెళ్తే ఙ ఞ ణ న మ, అన్నీ ముక్కుతో పలికేవే వచ్చేవి. పిల్లలకి అదే ఒక ఆట అయ్యేది. చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకున్నారు.

దీనికి ముందు మేం ఫోమ్ ముక్కలు వాడాం, ఒకదానికొకటి తగిలిస్తారు చూడండి, అవి. అక్షరం ఊడొస్తుంది, మళ్లీ గుంటలో పెట్టాలి. వారంలో సున్నా కనపడకుండా పోయింది, నెల తర్వాత సోఫా కింద దొరికింది, దాని మీద పంటిగాట్లు. అప్పుడు మా అత్తయ్యగారు, ‘ఇవన్నీ ఎందుకమ్మా’ అని పళ్లెంలో బియ్యం పోసి వాడి వేలు పట్టుకుని దిద్దించారు. అక్షరాభ్యాసం రోజు అందరం చేసేదే. మాంటిస్సోరి స్కూళ్లలో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు పెట్టి దిద్దిస్తారు కదా, ఇంచుమించు అదే. కాకపోతే మా వాడు రెండో రోజు ఆ బియ్యం ఇల్లంతా జల్లాడు. వాడికి వేలు చాలదండీ, ఒళ్లంతా కదలాలి.

సరే, చాప దగ్గరికొద్దాం. నాలుగో రోజు బ్యాటరీలు తీసేశాను. నేనే అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాను. అక్కడి నుంచి ఆట ఎక్కడికో వెళ్లిపోయింది! వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ ‘పడవ’ అని అరుస్తాను. హాల్లోంచి ధబ్, ధబ్, ధబ్. ప, డ, వ. మొదట్లో ప, వ రెండూ వాడికి ఒకేలా కనపడేవి. ‘వ’ టోపీ తలకి అంటుకుని ఉంటుంది, ‘ప’ టోపీ గాలికి లేచింది అని చెప్పాను. ఇప్పుడు దూకే ముందు ‘లేచిందా, లేవలేదా’ అని వంగి మరీ చూస్తాడు. పలక, తల, వల, గద, నగ... గుణింతం లేని మాటలు వెతకడం మాత్రం నాకు పరీక్షే.

గుణింతం అంటే గుర్తొచ్చింది, ఈ చాపతో అది కుదరదు. అట్టముక్కతో గుడి కత్తిరించి ‘క’ మీద పెట్టి చూశాను. కింద అచ్చేసిన తలకట్టు అలాగే ఉంటుంది కదా, తలకట్టూ గుడీ రెండూ కలిసి అదోరకంగా తయారైంది. ‘కి’లో తలకట్టు పోయి గుడి వస్తుంది, అది చాప మీద ఎలా చూపిస్తాం? గుణింతాలకి పలకే దిక్కు.

టైల్స్ మీద జారుతుంది, జాగ్రత్త. నేను అడుగున పాత రబ్బరు మ్యాట్ వేశాను. దాంతో కింద ఫ్లోర్ ఆంటీ గారికి కూడా కాస్త సౌండ్ తగ్గింది. ఆవిడ రెండుసార్లు పైకొచ్చి, మూడోసారి తనే ‘త’ మీద నిలబడి చూసి వెళ్లారు.

మరి కొనాలా? ఆ పెట్టె కోసమైతే వద్దు. పెట్టె లేకుండా చాప ఒక్కటే తక్కువ ధరకి అమ్మితే నేను డబ్బులిచ్చి కొంటాను, మా చెల్లి కూతురికి ఇంకోటి కూడా. ఇప్పుడున్న రేటుకైతే, డాబా మీద చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి అక్షరాలు రాసుకోండి, వరుసకి ఐదు. వాన పడితే పోతాయి, అంతే కదా.

ఒక్కటి మర్చిపోయాను. తడిబట్టతో తుడవండి, ఉతకొద్దు. పెట్టె తీసేశాం కదా అని నేను సబ్బేసి బ్రష్‌తో రుద్దాను, ‘ఌ’ సగం చెరిగిపోయింది. ఎలాగూ ఎవరూ వాడని అక్షరమే కదా అనుకున్నాను. మా వాడికి అదే ఇష్టమట, పాములా ఉంటుందని. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.